మూడుసార్లే రెండో స్థానం: పులిదోర్ ‘శాశ్వత ద్వితీయుడు’ ఎలా అయ్యారు?

సంక్షిప్తంగా: ఫ్రెంచ్ సైక్లిస్టు రేమోన్ పులిదోర్ (1936–2019) 14 సార్లు టూర్ డి ఫ్రాన్స్‌లో పోటీపడి 8 సార్లు తొలి మూడు స్థానాల్లో నిలిచారు. టైటిల్ ఒక్కసారీ దక్కలేదు. రేసులో ముందున్నవారు వేసుకునే పసుపు జెర్సీని ఒక్క రోజు కూడా తొడగలేదు. అయినా ఆ రేసును ఐదుసార్లు గెలిచిన సమకాలికుడు జాక్ అంక్తీల్ కంటే ఫ్రాన్స్ ఆయననే ఎక్కువగా ప్రేమించింది. సెకన్లలో చేజారిన 1964 టూర్, మారుతున్న ఫ్రెంచ్ పల్లెల మనసు, రేసుల వెనుక నడిచిన డబ్బు లెక్క కలిసి ఆయన పేరును ఫ్రెంచ్ భాషలో ‘ఎప్పుడూ రెండో స్థానంలో మిగిలే మనిషి’ అనే అర్థమున్న మాటగా ఎలా మార్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

డచ్ సైక్లిస్టు మత్యూ వాన్ డెర్ పూల్ 2021లోనూ, మళ్లీ 2025లోనూ టూర్ డి ఫ్రాన్స్‌లో పసుపు జెర్సీ తొడిగినప్పుడు వార్తల్లో మరో పేరు కూడా వినిపించింది. అది ఆయన తల్లి కొరీన్ తండ్రి పులిదోర్ పేరు. ఆ వార్తలు చదివిన కొత్త తరానికి ఒక సందేహం రావడం సహజం. ఎన్నడూ గెలవని మనిషిని ఇంతగా తలుచుకోవడం ఎందుకు? మనవడు ఎన్నో పెద్ద రేసులు గెలిచినా తాత పేరే ముందు రావడం ఏమిటి?

లెక్క ఒకటి, పేరు మరొకటి

టూర్ డి ఫ్రాన్స్ మూడు వారాల పాటు, రోజుకొక దశగా సాగే రేసు. ప్రతి సైక్లిస్టు అన్ని దశలకు తీసుకున్న సమయాన్ని కూడుతూ పోతారు. ఏ రోజుకు ఆ రోజు మొత్తం సమయం అందరికంటే తక్కువగా ఉన్నవారు మరుసటి దశలో పసుపు జెర్సీ వేసుకుంటారు. 1919లో మొదలైన ఈ ఆనవాయితీ వల్ల టూర్‌ను చివరికి గెలవనివారికి కూడా ఒక రోజో రెండు రోజులో ఆ జెర్సీ తొడిగే అవకాశం ఉంటుంది. చాలామంది మామూలు సైక్లిస్టులు కూడా అలా తొడిగారు. పులిదోర్‌కు అదీ దక్కలేదు.

అయితే ‘శాశ్వత ద్వితీయుడు’ అన్న బిరుదును అంకెల పక్కన పెడితే అది అంతగా అతకదు. ఆయన టూర్‌లో రెండో స్థానంలో నిలిచింది మూడుసార్లే: 1964, 1965, 1974. మూడో స్థానం ఐదుసార్లు: 1962, 1966, 1969, 1972, 1976. డచ్ సైక్లిస్టు యోప్ జూటెమెల్క్ ఆరుసార్లు రెండో స్థానంలో నిలిచారు. జర్మనీకి చెందిన యాన్ ఉల్‌రిచ్ ఐదుసార్లు నిలిచారు. వీరిద్దరూ చెరొకసారి టూర్ గెలిచారు కాబట్టి ‘ద్వితీయుడు’ అన్న ముద్ర వారికి అంటలేదు. పులిదోర్‌కు అది అంటింది. ఒక్క గెలుపు ఉంటే మిగతా ఓటములన్నీ ఆ గెలుపు నీడలోకి వెళ్లిపోతాయి. అది లేకపోతే ప్రతి ఓటమీ మునుపటి ఓటమికి కొనసాగింపుగా కనిపిస్తుంది.

నిజానికి ఆయన ఓటమికి పుట్టిన మనిషి కాదు. 1961లో ఇటలీలోని ప్రసిద్ధ రేసు మిలాన్–సాన్ రెమో గెలిచారు. అదే ఏడాది ఫ్రాన్స్ జాతీయ చాంపియన్ అయ్యారు. 1963లో బెల్జియంలోని ఫ్లెష్ వాలోన్ రేసు, 1964లో స్పెయిన్ దేశపు మూడు వారాల రేసు వుయెల్టా ఆయనవే. 1972లో పారిస్–నీస్ రేసు చివరి రోజున, ఎజ్ కొండ మీద జరిగిన టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరూ విడివిడిగా గడియారంతో పోటీపడే దశలో) ఆ కాలపు మేటి బెల్జియన్ సైక్లిస్టు ఎడీ మెర్క్స్‌ను 22 సెకన్లతో వెనక్కి నెట్టి మొత్తం రేసును 6 సెకన్ల తేడాతో గెలుచుకున్నారు. అప్పుడాయన వయసు 35. మరుసటి ఏడాదీ అదే రేసు గెలిచారు. టూర్‌లో 7 దశల్లో విజేత. 8 సార్లు తొలి మూడు స్థానాల్లో నిలవడం 2025 టూర్ ముగిసే నాటికి కూడా ఎవరూ దాటని రికార్డు.

1964: ఆ 55 సెకన్లు ఎక్కడ పోయాయి

పులిదోర్ కథనంతా ఒక్క ఏడాదిలో చూడాలంటే అది 1964. ఆ టూర్‌ను అంక్తీల్ 55 సెకన్ల తేడాతో గెలిచారు. మూడు వారాల రేసులో నిమిషం కూడా లేని తేడా ఎలా ఏర్పడిందో అర్థం కావాలంటే బోనస్ సెకన్ల సంగతి తెలియాలి. దశ గెలిచినవారి మొత్తం సమయంలోంచి కొంత తగ్గించడమే ఈ బోనస్. ఆ కాలంలో మామూలు దశ గెలిస్తే పూర్తిగా ఒక నిమిషం తగ్గేది.

తొమ్మిదో దశ బ్రియాన్సోన్ నుంచి మొనాకోకు. ముగింపు ఒక మైదానంలోని ట్రాక్ మీద. గీతను మొదటిసారి చేరుకోగానే రేసు అయిపోయిందనుకున్న పులిదోర్ ఉన్న బలమంతా పెట్టి ముందుగా దాటారు. కానీ ఇంకో చుట్టు మిగిలే ఉంది. ఆ చివరి చుట్టులో అంక్తీల్ గెలిచి నిమిషం బోనస్ తీసుకున్నారు. చేతికి అందింది నోటికి అందకపోవడం అంటే ఇదే. ఆ 60 సెకన్లు పులిదోర్ ఖాతాలో పడి ఉంటే చాలు, పారిస్‌లోని 55 సెకన్ల తేడా మాయమయ్యేది.

తర్వాత పిరనీ పర్వతాల్లోని చిన్న దేశం అండోరా. విశ్రాంతి రోజు గడిచాక మొదలైన దశలో అంక్తీల్ ఎన్వలీరా కనుమ ఎక్కలేక నిమిషాల తరబడి వెనుకబడ్డారు. పొగమంచులో ప్రమాదకరమైన వేగంతో దిగి ముందున్నవారిని అందుకున్నారు. అదే రోజు తులూజ్ దగ్గర పడుతుండగా పులిదోర్ చక్రం మార్చుకోవలసి వచ్చింది. సాయం చేయబోయిన మెకానిక్ తోసిన తోపుకు ఆయన కింద పడ్డారు. రెండున్నర నిమిషాలు పోయాయి. మర్నాడే పిరనీ పర్వతాల్లో లూషోన్ దశను ఒంటరిగా గెలిచి అంక్తీల్‌కు 9 సెకన్ల దూరంలోకి వచ్చారు. బయోన్ టైమ్ ట్రయల్‌లో టైరు పంక్చరై సైకిలు మార్చుకోవలసి రావడంతో ఆ తేడా 56 సెకన్లకు పెరిగింది. దురదృష్టమని లోకం అన్నది ఈ పంక్చర్లనూ ఈ పడిపోవడాలనూ చూసే. మొనాకో మాత్రం దురదృష్టం కాదు, ఏమరుపాటు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఆయన కథ చాలాచోట్ల కేవలం విధి ఆడిన ఆటగా చెప్పబడుతోంది.

జూలై 12న రేసు ప్వీ ద దోమ్ చేరింది. అది మధ్య ఫ్రాన్స్‌లోని నిద్రాణ అగ్నిపర్వతం. దాని పైకి వెళ్లే రోడ్డు చివరి కిలోమీటర్లలో నూరు మీటర్లకు దాదాపు 12 మీటర్లు ఎత్తు పెరుగుతుంది. దారి పొడవునా లక్షల జనం. అక్కడ తీసిన ఫొటో సైక్లింగ్ చరిత్రలోనే అత్యంత ప్రసిద్ధమైనది: పసుపు జెర్సీలో అంక్తీల్, పక్కనే పులిదోర్, ఇద్దరి భుజాలూ ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి.

ఆ ఫొటో వెనుక ఒక ఎత్తుగడ ఉంది. సమతలం మీద ముందువాడి వెనుక నక్కి తొక్కితే గాలి ఒత్తిడి తగ్గి బోలెడంత శక్తి మిగులుతుంది. నిట్టనిలువు ఎత్తు మీద వేగమే తక్కువ కాబట్టి ఆ లాభం స్వల్పం. వెనుక ఉండటం వల్ల పెద్దగా మేలు లేనప్పుడు పక్కన ఉండటమే మంచిదని అంక్తీల్ భావించారు. నిజానికి ఆయన అప్పటికే అలసిపోయి ఉన్నారు. పక్కనే, ఒక్కోసారి అంగుళం ముందు కూడా తొక్కుతూ తనలో ఇంకా సత్తువ ఉందని ప్రత్యర్థిని నమ్మించారు. పులిదోర్ నమ్మారు. చివరి కిలోమీటరు దాకా దాడికి దిగలేదు. దిగిన ఆ కొద్ది దూరంలోనే 42 సెకన్లు సంపాదించారు. 56లోంచి 42 పోగా అంక్తీల్ దగ్గర మిగిలింది 14 సెకన్లు. ఒక కిలోమీటరు ముందుగా కదిలి ఉంటే ఆ సాయంత్రమే పసుపు జెర్సీ చేతులు మారేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 27.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఈ విద్యలో అంక్తీల్‌కు ఆనాడు సాటి లేరు. పులిదోర్ కంటే 21 సెకన్లు ముందుగా ముగించి, దశ గెలిచినందుకు 20 సెకన్ల బోనస్ పొందారు. 14, 21, 20 కలిపితే 55.

తలుపులు తెరిచి ఉన్న నాలుగేళ్లు

1964 తర్వాత అంక్తీల్ టూర్ గెలవలేదు. మెర్క్స్ తొలిసారి వచ్చింది 1969లో. మధ్యనున్న నాలుగేళ్లు పులిదోర్‌వి కావలసినవి. కాకపోవడానికి ప్రతి ఏడాదీ ఒక వేరే కారణం ఉంది.

1965లో అంక్తీల్ రాలేదు. అందరి చూపూ పులిదోర్ మీదే. మోన్ వాంటూ పర్వతం మీద దశ గెలిచారు కూడా. కానీ 22 ఏళ్ల ఇటాలియన్ ఫెలీచె జిమోండి తన మొట్టమొదటి టూర్‌లోనే అందరినీ ఓడించారు. తేడా 2 నిమిషాల 40 సెకన్లు. 1966లో పులిదోర్, అంక్తీల్ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఉండిపోయిన ఒక దశలో మరో గుంపు ముందుకు వెళ్లిపోయింది. అందులో అంక్తీల్ జట్టుకే చెందిన ల్యూసియన్ ఎమార్ ఉన్నారు. తాను గెలవలేనని తెలిసిన అంక్తీల్ తన జట్టు మనిషికి బలంగా నిలిచారు, ఎమార్ గెలిచారు. పులిదోర్‌ది మూడో స్థానం. ఇది చూపు తప్పడం వల్ల జరిగిన నష్టం. గట్టి ప్రత్యర్థి ఒకడే అనుకుంటే రేసు మరొకడి చేతికి పోతుంది.

1967లో కంపెనీల జట్లకు బదులు దేశాల జట్లు పోటీపడే పాత పద్ధతి తిరిగి వచ్చింది. ఆల్జాస్ కొండల్లో పడిపోయి చాలా సమయం కోల్పోయిన పులిదోర్ ఆ తర్వాత తన దేశీయుడు రోజె పింజోన్ గెలుపు కోసం తొక్కారు, గెలిపించారు. 1968లో మంచి స్థితిలో ఉండగా రేసు వెంట నడిచే మోటారు సైకిల్ ఒకటి ఆయనను ఢీకొట్టింది. ముఖానికి గాయాలై తప్పుకున్నారు.

ఆ మరుసటి ఏడాది మెర్క్స్ వచ్చారు. ఆ తర్వాత ఎవరికీ పెద్దగా చోటు లేదు. 1973లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రారంభ టైమ్ ట్రయల్‌ను పులిదోర్ ఒక సెకను కూడా లేని తేడాతో జూటెమెల్క్‌కు కోల్పోయారు. గెలిచి ఉంటే ఆ రోజే పసుపు జెర్సీ. అదే టూర్‌లో పోర్తె దాస్పె కనుమ దిగుతూ లోయలో పడిపోయి తప్పుకోవలసి వచ్చింది. మరో మనిషైతే అక్కడితో ఆపేసేవారు. ఆయన 1974లో, 38 ఏళ్ల వయసులో, మెర్క్స్ తర్వాత రెండో స్థానంలో నిలిచారు. 1976లో 40 ఏళ్లకు మూడో స్థానం. తొలి టూర్‌కూ ఈ టూర్‌కూ మధ్య 14 ఏళ్లు.

ఓడినవారి వైపు జనం ఎందుకు నిలిచారు

ఈ ప్రశ్నకు ‘బలహీనుడి మీద జాలి’ అని జవాబు చెప్పడం తేలిక. కానీ ఓడినవారందరినీ జనం ప్రేమించలేదు. పులిదోర్‌నే ఎందుకు ప్రేమించారన్నది కాలాన్ని బట్టి చూడాలి.

ఆయన 1936 ఏప్రిల్ 15న మధ్య ఫ్రాన్స్‌లోని క్రజ్ జిల్లాలో, మాస్బరో మెరిన్యా అనే పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులకు సొంత భూమి లేదు. ఇతరుల పొలం సాగుచేసి, పండినదాంట్లో వాటా యజమానికి ఇచ్చేవారు. కొడుకూ చిన్ననాటి నుంచి ఆ పొలంలో పనిచేశాడు. సైన్యంలో తప్పనిసరి సేవ కోసం అల్జీరియా వెళ్లివచ్చాక 1960లో, 24 ఏళ్లకు వృత్తి సైక్లిస్టు అయ్యారు. మెర్సియె సైకిళ్ల కంపెనీ జట్టులో చేరి, 1977లో రిటైరయ్యే వరకు అదే జట్టులో ఉన్నారు. జట్లు మారడం మామూలైన ఆ వృత్తిలో ఇది అరుదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఫ్రాన్స్ పల్లెలు ఖాళీ అవుతున్నాయి. ట్రాక్టర్లు వచ్చాయి, చిన్న కమతాలు కలిసిపోయాయి, యువకులు కర్మాగారాలకూ నగరాలకూ తరలిపోయారు. కొత్తగా కొన్న టీవీ ముందు కూర్చున్న నగరవాసికి ఎండకు కమిలిన ముఖంతో, పల్లె యాసతో మాట్లాడే పులిదోర్‌లో తన తండ్రో, విడిచివచ్చిన అన్నో కనిపించారు. ‘పుపు’ అన్న ముద్దుపేరు ఇంటింటి పేరైంది. టీవీలు విస్తరించిన దశాబ్దమూ పులిదోర్ దశాబ్దమూ ఒకటే కావడం ఇందులో చిన్న విషయం కాదు. ఓటమిని పత్రికలో చదవడం వేరు, ఓడిన మనిషి ముఖాన్ని చూడటం వేరు.

అంక్తీల్ అందుకు పూర్తిగా ఎదురు చిత్రం. 1961లో మొదటి రోజు తీసుకున్న పసుపు జెర్సీని చివరిదాకా వదలకుండా గెలిచారు. అది గొప్ప ఘనత, కానీ చూసేవారికి ఉత్కంఠ మిగల్లేదు. టైమ్ ట్రయల్స్‌లో సంపాదించి, కొండల మీద ఉన్నది కాపాడుకోవడం ఆయన పద్ధతి. లెక్క తప్పని ఆ గెలుపు కొత్త ఫ్రాన్స్‌కు, యంత్రాల ఫ్రాన్స్‌కు ప్రతీకగా కనిపించింది. ఇక్కడ ఒక అన్యాయం జరిగిందని చెప్పాలి. అంక్తీల్ కూడా సంపన్నుల బిడ్డ కాదు. నార్మండీలో స్ట్రాబెర్రీలు పండించే ఇంటి నుంచి వచ్చారు. ఇద్దరూ మట్టిలో పెరిగినవారే. ఒకరు మట్టిని వదిలించుకున్నట్టూ మరొకరు మోసుకు తిరిగినట్టూ కనిపించడమే తేడా. పులిదోర్ పక్షం, అంక్తీల్ పక్షం అని దేశం రెండుగా చీలిన ఆ రోజుల్లో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఓటమికి దొరికిన ధర

ఆ కాలపు సైక్లిస్టుకు జట్టు ఇచ్చే జీతం కంటే ముఖ్యమైన ఆదాయం మరొకటి ఉండేది. టూర్ ముగియగానే ఊరూరా చిన్న చిన్న వలయాకారపు రేసులు జరిగేవి. నిర్వాహకులు పేరున్నవారిని ముందుగానే డబ్బిచ్చి పిలిచేవారు. అక్కడ ధర నిర్ణయించేది జనం ఎవరిని చూడటానికి వస్తారన్నదే. పులిదోర్‌కు ఐదుసార్ల విజేతకు ఏమాత్రం తీసిపోని గిరాకీ ఉండేది. తన దురదృష్టం పెరిగేకొద్దీ జనాదరణ, దాంతో సంపాదన కూడా పెరిగాయని ఆయనే తర్వాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పారు.

దీన్నిబట్టి ఆయనకు గెలుపు మీద కసి లేదని వాదించేవారున్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. 1930ల్లో రెండుసార్లు టూర్ గెలిచిన మేనేజరు ఆంతోనాన్ మాన్ వెన్నంటి ఉన్నా, పులిదోర్ తొందరపడే మనిషి కారు. పొలం మీద కష్టం చూసినవారికి సైకిలు మీది కష్టం పెద్దదిగా అనిపించదు, రెండో స్థానం అవమానంగానూ అనిపించదు. అయితే కసి లేని మనిషి లోయలో పడిన మరుసటి ఏడాది, 38 ఏళ్ల వయసులో మెర్క్స్‌తో పోటీకి రారు. ఆయనలో లేనిది పట్టుదల కాదు. ప్రత్యర్థి అలసటను కనిపెట్టి ఆ క్షణాన్నే దెబ్బతీసే నిర్దాక్షిణ్యం. ప్వీ ద దోమ్ మీద కనిపించింది ఆ లోటే.

రిటైరయ్యాక: పసుపు చొక్కాలో జూలైలు

రిటైరయ్యాక చాలామంది చాంపియన్లు మరుగున పడతారు. పులిదోర్ విషయంలో అది జరగలేదు. స్వస్థలానికి దగ్గరలోని సాన్ లెయొనార్ ద నొబ్లా పట్టణంలో స్థిరపడి చివరి వరకు అక్కడే ఉన్నారు. ప్రతి జూలైలో టూర్ వెంట వెళ్లి, ప్రకటనకర్తల వాహనాల దగ్గర కూర్చుని గంటల కొద్దీ జనానికి సంతకాలు పెట్టేవారు. చివరి దశాబ్దాల్లో ఆయనను నియమించుకున్నది పసుపు జెర్సీకి ప్రాయోజకత్వం వహించే బ్యాంకే. అందువల్ల రేసులో ఎన్నడూ దక్కని రంగు చొక్కాను ఆయన ప్రతి వేసవిలో తొడిగారు. దాన్ని ఆయన చిన్నతనంగా భావించలేదు. 2019 టూర్‌లో కూడా, 83 ఏళ్ల వయసులో, అలాగే కనిపించారు. ఆ ఏడాది నవంబరు 13న కన్నుమూశారు.

అంక్తీల్‌తో వైరం రోడ్డు మీదే ముగిసింది. తర్వాత ఇద్దరూ సన్నిహితులయ్యారు. 1987లో కడుపు క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉన్న అంక్తీల్, ఈ విషయంలోనూ నువ్వు నా తర్వాతే వస్తావని తనతో అన్నట్టు పులిదోర్ చెబుతుండేవారు.

2023 జూలై 9న టూర్ నిర్వాహకులు ఒక దశను సాన్ లెయొనార్ ద నొబ్లాలో ప్రారంభించి ప్వీ ద దోమ్ శిఖరం మీద ముగించారు. టూర్ ఆ అగ్నిపర్వతం ఎక్కడం 1988 తర్వాత అదే తొలిసారి.

మనవడి సెకన్లు

పులిదోర్ కుటుంబంలో పసుపు జెర్సీ తొడిగిన మొదటి వ్యక్తి మత్యూ అని తరచూ రాస్తారు. అది సరికాదు. కొరీన్ భర్త, మత్యూ తండ్రి ఆద్రి వాన్ డెర్ పూల్ 1984 టూర్‌లో ఒక రోజు ఆ జెర్సీలో ఉన్నారు. అయినా జనం ఎదురుచూసింది మనవడి కోసమే.

2021 టూర్ తొలి దశలో మత్యూ 18 సెకన్లు వెనుకబడ్డారు. జూన్ 27న జరిగిన రెండో దశలో మ్యూర్ ద బ్రెతాన్య్ అనే కొండను రెండుసార్లు ఎక్కాలి. గెలుపు ఒక్కటే చాలదని, బోనస్ సెకన్లు కూడా కావాలని ఆయన లెక్క వేసుకున్నారు. అందుకే శక్తి వృథా అవుతుందని తెలిసీ మొదటి ఎక్కుడులోనే విడివడి శిఖరాన్ని ముందుగా దాటారు. 8 సెకన్ల బోనస్ వచ్చింది. రెండోసారి ఒంటరిగా ఎక్కి దశ గెలిచారు. మరో 10 సెకన్లు. పసుపు జెర్సీలో ఉన్న జులియన్ అలఫిలిప్ 8 సెకన్లు ఆలస్యంగా చేరారు. మొత్తం 26. వెనుకబడిన 18 పోగా 8 సెకన్ల ఆధిక్యం. గీత దాటుతూ మత్యూ వేలు ఆకాశం వైపు చూపించారు, తర్వాత మాట్లాడబోయి ఏడ్చేశారు. మర్నాటి నుంచి ఆరు రోజులు పసుపు జెర్సీలో తొక్కారు.